గ్రహణం నాటి పులిహోర

సైన్సు టీచర్ని కదా, జనంలో మూఢనమ్మకాలు పోగొట్టే బాధ్యత నా నెత్తిన వేసుకున్నాను. వేసుకోమని అడిగినవాళ్లెవరూ లేరు. సూర్యగ్రహణం రోజు సాయంత్రం పెందుర్తిలోని మా కాలనీ పార్కులో సభ పెట్టాం. చంద్రుడి నీడ, భూమి కక్ష్య అంటూ అరగంట వాయించాను. గ్రహణం పట్టగానే అందరి ఎదుటా తిని చూపించాలి. అందుకోసం మా అత్తగారి చేత గిన్నెడు పులిహోర చేయించి తెచ్చాను.

గ్రహణం పట్టగానే, పేపరువాళ్ల ఫొటోలో బాగా పడాలని గిన్నె ముందుకు వంచి మరీ మూత తీశాను.

పులిహోర మీద పచ్చగా దర్భపోచలు. గ్రహణ దోషం తగలకూడదని అత్తగారు తన జాగ్రత్తలో తాను ఉన్నారు.

ముందు వరసలో కూర్చున్న చేపల అప్పలమ్మ లేచి తొంగి చూసింది.

"దర్బేసి మరీ తెచ్చినారేటి, మేడమ్?"

భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మింగలేదు. గ్రహణం విడిచేదాకా అది కూడా ఏమీ తినదు కాబోలు.

అప్పలమ్మ వెనక్కి తిరిగి, "మరింక దోసం లేదర్రా. రండి, తిందారి" అని కేకేసింది. నా ఉపన్యాసానికి కదలని జనం ఆ ఒక్క మాటకి వరస కట్టారు. చూస్తుండగానే గిన్నె ఖాళీ అయింది.

మర్నాడు పేపర్లో అందరూ తింటున్న ఫొటో, కింద 'టీచర్ మాటతో తొలగిన గ్రహణ భయం' అని వార్త.

నమ్మకం కుదిరిన మాట నిజమే. వచ్చే గ్రహణానికీ సభ పెట్టమంటున్నారు. ఉపన్యాసం లేకపోయినా పర్వాలేదట, పులిహోర మాత్రం మా అత్తగారే చేయాలట.