కెంపమ్మ పెట్టని వేలిముద్ర

అరవనాట, కృష్ణగిరి పక్క గురుబరపల్లిలో బస్సు దిగి మామిడితోటల మధ్య మూడు మైళ్ళు నడిస్తే మేకలకొట్టాయి వస్తుంది. నలభై గడపల ఊరు. సగం మంది గొర్రెలు కాచుకునేవాళ్ళు, మిగిలినవాళ్ళకు తలా కాస్త మెట్టభూమి. ఆ ఊళ్ళో కెంపమ్మ నోటికి జంకనివాళ్ళు తక్కువ. ఆమె మొగుడు మునివెంకటప్ప మంద తోలుకుని వాన పడిన దిక్కుకు పోయాడంటే రెండు నెలలకుగాని గడప తొక్కేవాడు కాదు. గట్టు దగ్గర తగాదా వచ్చినా, కొళాయి దగ్గర వంతు తప్పినా పోట్లాడాల్సింది ఆమే. పోట్లాడీ పోట్లాడీ ఆమె మామూలుగా మాట్లాడడమే మరిచిపోయిందని తోడికోడళ్ళు అనేవాళ్ళు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు తరిగేది. మిగతా రోజుల్లో టమాటా తోటల్లో కూలికి పోయేది.

పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టిన ఒక్కతే బిడ్డ రంజిత. మాట తక్కువ పిల్ల. పిలిస్తే ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. పలకనప్పుడు కెంపమ్మ వీపు మీద ఒకటి వేసేది.

ఊరి బడిలో ఒకప్పుడు తెలుగు చెప్పడానికి సిద్దప్ప అయ్యవారు ఉండేవాడు. తొంభై మూడులో పెద్దవాళ్ళకు చదువు చెప్పే తరగతులు పెట్టినప్పుడు కెంపమ్మకు పేరు రాయడం నేర్పింది ఆయనే. మూడక్షరాలు నేర్వడానికి ఆమెకు నెల పట్టింది. ఆ తరవాత రేషన్ పుస్తకంలోగాని, కూలి పట్టీలోగాని ఆమె వేలు ముంచింది లేదు. సిరాడబ్బా ముందుకు తోస్తే పక్కకు నెట్టి, పెన్ను అడిగి తీసుకునేది. రెండువేల రెండు ఏప్రిల్‌లో సిద్దప్ప రిటైరయ్యాడు. ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. జూన్‌లో బడి తెరవగానే తెలుగు పిల్లలందర్నీ అరవం పిల్లల్లో కలిపి కూర్చోబెట్టారు. రంజిత అప్పుడు నాలుగో తరగతి.

జూలైలో ఒకరోజు పిల్ల బడి నుంచి వచ్చి, జీపులో ఎవరో అక్క వచ్చిందనీ, బొమ్మలు చూపించి ఏవేవో అడిగిందనీ చెప్పింది.

"నువ్వేం చెప్పినావు?" అంది కెంపమ్మ రాగులు చెరుగుతూ.

"కొన్నిటికి చెప్పినా, కొన్నిటికి చెప్పలా."

కెంపమ్మ ఆ సంగతి అంతటితో మరిచిపోయింది.

మూడు వారాల తరవాత రేషన్ అంగడి వరసలో నిలబడి ఉండగా, వెనక నుంచి అంగాళమ్మ భుజం తట్టింది. అంగాళమ్మది పక్క వీధే. ఎవరింట్లో ఏం జరిగినా ఆ ఇంటివాళ్ళకంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

"ఏం కెంపక్కా, మీ పాపకు బుద్ధి ఎదగలేదంట కదా. మా వాడు చెప్పినాడు. పరీక్ష చేసినారంట. నలుగుర్ని ఏరి కిటికీ కాడ వేరే బెంచీలో కూర్చోబెట్టినారంట. నీకు తెలియదా?"

వరసలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఎవరికీ ఆశ్చర్యం లేదు. అందరికీ ముందే తెలుసన్న మాట. కెంపమ్మ చేతిలోని సంచీని అక్కడే నేలమీద వదిలి బడి దారి పట్టింది.

హెడ్‌మాస్టరు తిమ్మరాజుది సూళగిరి పక్క. ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడి గడప దాటి లోపలికి వస్తే మాత్రం అరవం తప్ప మాట్లాడడు. కెంపమ్మ తెలుగులో అడిగినదానికి ఆయన అరవంలో జవాబిచ్చాడు. గవర్నమెంటు పెట్టిన పరీక్ష, మందబుద్ధి పిల్లల్ని కనిపెట్టి వాళ్ళకు వారానికి రెండు రోజులు ప్రత్యేకంగా ఒక టీచరును పంపిస్తారు, ఇది వాళ్ళ మంచికే అన్నాడు.

"నాకర్థమయ్యేటట్ల చెప్పు సారూ. నన్నేల అడగలేదు?"

ఆయన విసుగ్గా తెలుగులోకి దిగాడు. "అడగకుండా ఎట్ల చేస్తాము? తల్లీతండ్రీ ఒప్పుకున్నట్టు కాగితం ఉండాది. నువ్వు వేలిముద్ర పెట్టినావు."

"నేనా?"

బీరువాలోంచి ఫైలు తీసి ఆమె ముందు పడేశాడు. ఒక పొడుగు కాగితం. వరసగా ముప్పయ్యారు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో ఊదారంగు ముద్ర. రంజిత పేరు ఎక్కడుందో చూపించి, "ఇదో, చూసుకో" అన్నాడు.

కెంపమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత బయటికి వెళ్ళి కిటికీ పక్క బెంచీలో ఉన్న కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. మేజా మీదున్న సిరా పలకలో తన బొటనవేలు అద్ది, ఆ ముద్ర పక్కనే గట్టిగా నొక్కింది. కత్తి కోతలతో అడ్డంగా గీతలు పడిన వెడల్పాటి వేలు. దాని పక్కన పాత ముద్ర చింతగింజంత కూడా లేదు.

"ఇదెవురి వేలే?" అంది కూతుర్ని.

"నాదే మా," అంది రంజిత, తల దించుకుని. "టీచరు పెట్టమనింది. అందరమూ పెట్టినాము."

"చీటీ ఏమైనా ఇంటికిచ్చినారా?"

"ఇయ్యలా."

తిమ్మరాజు ఫైలు లాక్కున్నాడు. "ముప్పయ్యారు ఇండ్లు తిరిగి కైయెళుత్తు, అదే సంతకాలు, వాంగుకొచ్చేదానికి నాకు మనుషులు యాడుండారమ్మా? మీరంతా పొద్దున పనికి పోతే చీకటికి గదా వచ్చేది. పిల్లోళ్ళకు మంచి చేసేదానికి గూడా మీ కాళ్ళు పట్టుకోవాల్నా?"

"గొర్రెకు సూది వేసే డాక్టరు గూడా ఇదెవురి గొర్రె అని అడిగి వేస్తాడు సారూ. నా బిడ్డకు ఆపాటి అడుగు లేదా?"

"బయటికి పో."

"పోతాను. పోయేది ఇంటికి మాత్రం కాదు."

ఆ రోజే రంజితను బడి మాన్పించింది. పుస్తకాల సంచీ తెచ్చి దూలానికి తగిలించింది.

ఊరంతా తనవైపు నిలుస్తుందని ఆమె అనుకుంది. ముప్పయ్యారు ఇళ్ళ పేరున పిల్లల వేళ్ళు ముంచారు కదా, అందరికీ మండుతుందని అనుకుంది. ఎవరికీ మండలేదు. పాసైన పిల్లల తల్లులు తమకెందుకన్నారు. ఇంకో పక్క నుంచి ముత్యాలప్ప ఇంటిమీదికే వచ్చాడు. అతని కొడుకు కూడా ఆ నలుగురిలో ఒకడు. పదేళ్ళు వచ్చినా చొక్కా గుండీ పెట్టుకోలేడు.

"నలుగురుంటేనే ఆ టీచరు వస్తాదంట," అన్నాడు ముత్యాలప్ప వాకిట్లో నిలబడి. "హెడ్‌మాస్టరు చెప్పినాడు. నీ బిడ్డను తీసేస్తే ముగ్గురే. మావాణ్ణి ఇన్నేళ్ళకు ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తా ఉండారు. నీ పంతానికి దాన్ని చెడగొడతావా?"

"నీ కొడుక్కి లెక్క సరిపోయేదానికి నా కూతురు పిచ్చిది కావాల్నా?"

ముత్యాలప్ప ముఖం పాలిపోయింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని కెంపమ్మకు ఆ క్షణంలోనే తెలిసింది. వెనక్కి మాత్రం తీసుకోలేదు. మర్నాటి నుంచి కొళాయి దగ్గర ఆమె బిందెను ఎవరూ ముందుకు జరపలేదు. మంద తోలుకుని ఇంటికొచ్చిన మునివెంకటప్ప రెండు రోజులు ఇదంతా చూసి, "ఊరితో పగ ఏంటికి మేయ్, బెంచీ మారితే పిల్ల అరిగిపోతాదా?" అన్నాడు. కెంపమ్మ అతని ముందు సంకటి ముద్ద పెట్టి వెళ్ళిపోయింది.

కృష్ణగిరిలో చదువుల ఆఫీసుకు మూడుసార్లు పోయింది. మొదటిసారి అధికారి లేడన్నారు. రెండోసారి గుమాస్తా, నోటిమాట చెల్లదు, మను, అంటే అర్జీ, రాసుకుని రమ్మన్నాడు. తాలూకా ఆఫీసు ముందు రేకుల నీడలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టే రాజప్ప దగ్గర కూర్చుంది. అతను అరవంలో కొడుతుంటే వాక్యానికొకసారి ఆపించి తెలుగులో చెప్పించుకుంది.

"మీ పాదాలకు దండం పెట్టి వేడుకుంటున్నాను, అని రాసినాను," అన్నాడు రాజప్ప.

"అది తీసెయ్యప్పా."

"అందరూ రాసేదే అమ్మా. పద్ధతి."

"నేను అడిగేది దానం గాదు. నన్ను అడగకుండా నా బిడ్డకు పరీక్ష పెట్టినారు, నాకు చెప్పకుండా ఊరికి చెప్పినారు. అంతే రాయి."

రాజప్ప కాగితం మార్చి మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. చివర ఆమె మూడక్షరాలు రాసింది.

మూడోసారి అధికారి ఉన్నాడు. అర్జీ చదివి, బడి నుంచి ఫైలు తెప్పిస్తానన్నాడు. వారం తరవాత పిలిపించాడు. ఆ పొడుగు కాగితం ఆయన మేజా మీద ఉంది. అందులో పెద్దవాళ్ళ వేలు ఒక్కటే, రంజిత పేరు పక్కన కెంపమ్మ నొక్కింది. తిమ్మరాజు ఎదురు కుర్చీలో కూర్చుని ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"మళ్ళీ పరీక్ష పెట్టిస్తామమ్మా," అన్నాడు అధికారి.

"తెలుగులో పెట్టాల. నేను పక్కన ఉండాల. ఏం తేలినా ముందర నాకు చెప్పాల. దీనికి ఒప్పుకుంటే పిల్లను తీసుకొస్తాను."

"ఇట్లాంటివాళ్ళతో బడి నడిపేది ఎట్ల సార్," అన్నాడు తిమ్మరాజు. అధికారి ఆయనకు జవాబు చెప్పలేదు. అలాగని కెంపమ్మకు కుర్చీ వేయించనూ లేదు. సరేనని మాత్రం రాసిచ్చాడు.

సెప్టెంబరులో పరీక్ష పెట్టడానికి హోసూరు నుంచి బడికి కావ్యశ్రీ అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తెలుగు, కన్నడం, అరవం మూడూ వచ్చు. కెంపమ్మ ఆమెనూ నమ్మలేదు. ఒప్పుకోలు కాగితం మొత్తం చదివించుకుంది. ఏమడుగుతావు, ఎందుకడుగుతావు, ఈ కాగితం ఎవరి చేతికి పోతుంది అని ఆరా తీసింది. కావ్యశ్రీ ఓపిగ్గా అన్నీ చెప్పింది. మొదటిసారి వచ్చిన అమ్మాయి రాసిన కాగితం కూడా చూపించింది. "కుందేలు బొమ్మ చూపించమని అరవంలో అడిగింది. పాప చూపించలేదు. గొడుగు బొమ్మకు పాప గొడుగు అనే చెప్పినట్టుంది. ఆమెకు అర్థం కాక తప్పు వేసింది."

కెంపమ్మ సంతకం పెట్టింది.

పరీక్ష గంటసేపు సాగింది. రంజిత ఎదురుగా కూర్చున్నంతసేపూ చక్కగా చెప్పింది. చెక్క ముక్కలతో గోపురం కట్టింది, లెక్కలు చేసింది. మధ్యలో కావ్యశ్రీ సామాను తీయడానికి పిల్లకు ఎడమవైపు వెళ్ళి, అక్కడి నుంచే ఏదో అడిగింది. పిల్ల పలకలేదు. కెంపమ్మ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. కావ్యశ్రీ ఆ చేతిని పట్టుకుని ఆపింది. తన చేతి గడియారం విప్పి పిల్ల ఎడమ చెవి దగ్గర పెట్టింది, కుడి చెవి దగ్గర పెట్టింది. మళ్ళీ ఎడమవైపు పెట్టింది.

"బుద్ధికి ఏ లోపమూ లేదమ్మా. ఎడమ చెవి వినబడదు. ఎన్నాళ్ళ నుంచి?"

"అబద్ధం," అంది కెంపమ్మ. "రెండు చెవులూ బాగుండాయి. పొగరు. అంతే."

పిల్లను తీసుకుని ఇంటికి వచ్చేసింది. సాయంత్రం రంజిత వాకిట్లో కూర్చుని వేరుశెనగకాయలు ఒలుస్తోంది. కెంపమ్మ వెనక నుంచి ఎడమవైపుకు వచ్చి, మెల్లగా "పాపా" అంది. పిల్ల ఒలుస్తూనే ఉంది. ఇంకొంచెం దగ్గరికి వచ్చి మళ్ళీ పిలిచింది. లేదు. కుడివైపుకు వచ్చి అంతే మెల్లగా పిలిస్తే, "ఏం మా?" అంటూ తల తిప్పింది.

కెంపమ్మ కూతురి పక్కన కూర్చుని తనూ కాయలు ఒలవసాగింది. ఎన్నిసార్లు వీపు మీద వేసిందో గుర్తు చేసుకోబోయి, మానుకుంది. పసితనంలో ఆ చెవి చీము కారేది. వెచ్చటి నూనె పోసి, తగ్గిపోయిందనుకుంది.

కృష్ణగిరి ఆసుపత్రిలో కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. మందులతో చీము ఆగింది, వినికిడి సగమే వచ్చింది. రంజిత మళ్ళీ బడికి వెళ్ళింది. ముందు బెంచీలో, కుడిచెవి టీచరు వైపు ఉండేట్టు కూర్చోబెట్టారు. ముగ్గురే మిగిలినా ప్రత్యేక టీచరు రావడం ఆగలేదు. నలుగురుండాలన్న నియమమే ఎక్కడా లేదట. అది తెలిశాక కూడా ముత్యాలప్ప కెంపమ్మతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడించనూ లేదు. కొళాయి దగ్గర మాత్రం ఒకసారి కెంపమ్మ అతని భార్య బిందెను తన బిందెకంటే ముందు పెట్టింది. ముత్యాలప్ప భార్య దాన్ని తీసి మళ్ళీ వెనక పెట్టుకుంది.

ఆ ఏడాది నుంచి బడిలో సూది వేయాలన్నా, రక్తం చూడాలన్నా, కళ్ళు పరీక్షించాలన్నా రెండు భాషల్లో అచ్చేసిన చీటీ ముందుగా ఇంటికి వచ్చేది. టీచర్లు దాన్ని తమలో తాము కెంపమ్మ చీటీ అనుకునేవాళ్ళు. ప్రేమతో పెట్టిన పేరు కాదు. సంతకాలు రాక పని ఆలస్యమైనప్పుడల్లా పళ్ళు కొరుకుతూ అనేవాళ్ళు. ఆ పేరు ఆమె చెవిన పడింది. పట్టించుకోలేదు. ఒకసారి రక్తపరీక్ష చీటీ చదివించుకుని, ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదని వద్దని రాయించి పంపింది. మరుసటి ఏడు నర్సు ఇంటికి వచ్చి వివరంగా చెబితే సంతకం పెట్టింది.

తిమ్మరాజు తప్పయిందని ఎన్నడూ అనలేదు. దారిలో ఎదురైతే ఇద్దరూ చెరొక పక్కకు చూసుకుంటూ నడిచేవాళ్ళు. అలా ఏడేళ్ళు గడిచాయి. రెండువేల తొమ్మిదిలో ఆయన రిటైరవుతుంటే బడిలో సన్మానం పెట్టారు. పాత విద్యార్థుల ఇళ్ళన్నిటికీ కార్డులు పంచారు. గురుబరపల్లిలో పదో తరగతి పాసై వచ్చిన రంజిత, కార్డు తల్లికి చదివి వినిపించి, "పోదామా మా?" అని అడిగింది.

"నువ్వు పో. నీకు చదువు చెప్పిన బడి."

"నువ్వు?"

"నాకేం చెప్పినాడు ఆయప్ప?"

రంజిత వెళ్ళి పూలదండలు, ఉపన్యాసాలు చూసి, పాయసం తాగి వచ్చింది. కెంపమ్మ ఆ పొద్దంతా ఫ్యాక్టరీలో మామిడికాయలు తరుగుతూ ఉండిపోయింది. పనిలో పక్కనున్నది అంగాళమ్మే. సన్మానానికి ఎందుకు పోలేదని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కెంపమ్మ ఇంకో బుట్ట ముందుకు లాక్కుంది.