డోలు పక్కన గిటార్

మా వదిన, కాలితో తొక్కి గిటార్ మోత మార్చే ఏ పెడల్‌నూ ఒట్టి గిటార్‌తో పరీక్షించేది కాదు. పక్కన డోలు మోగాల్సిందే. భోపాల్‌పట్నం ఆడపడుచు. గనుల టౌన్‌షిప్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేది కాబట్టి అందరికీ ‘గిటారమ్మ’.

విశ్వకర్మ పూజకు కొత్త పెడల్ కొనడానికి జగదల్‌పూర్ వెళ్తూ, డోలు వాయించే వాళ్ల నాన్నను డోలుతో సహా మాతోపాటు బస్సెక్కించింది. దుకాణంలో మొదటి పెడల్ తొక్కగానే అద్దాలు అదిరాయి. "ఇదే!" అన్నాం మేమంతా. వదిన గర్జన పెంచే డ్రైవ్ నాబ్‌ను సగానికి తగ్గించింది, టోన్ నాబ్‌ను అటూ ఇటూ తిప్పింది. అయినా పక్కనే వాళ్ల నాన్న వాయిస్తున్న డోలు వినపడలేదు.

"ఏందిది? మా నాయిన డోలును మింగేస్తాంది. వద్దు."

రెండోది అంత గర్జించలేదు. డ్రైవ్ సగానికి పైగా పెంచినా తీగల గరుకు పైపైనే ఉండి, అడుగున డోలు దెబ్బ స్పష్టంగా తెలిసింది. అదే కొన్నాం. వదిన తనకు నచ్చిన చోట డ్రైవ్ నాబ్ ఆపి, పక్కనే గోళ్ల రంగుతో ఎర్రచుక్క పెట్టింది.

"ఈ చుక్క దాటిస్తే నేను ఊరుకోను."

పూజనాడు పాట మధ్యలో జనం "గిటార్! గిటార్!" అని అరుస్తుంటే, వదిన తీగల మీద అరచెయ్యి ఆనించి ఆపేసింది. డోలు ఒక్కటే మోగింది. గని కార్మికుల బూట్లన్నీ దానికే అడుగులు వేశాయి.

మర్నాటి నుంచి బజార్లో కొందరు ఆమెను ‘డోలాయన బిడ్డ’ అనసాగారు. ‘గిటారమ్మా’ అంటే నవ్వి ఊరుకునే వదిన, ఆ పిలుపుకు మాత్రం ఠక్కున ఆగి వెనక్కి తిరిగేది.