చెరిపేసిన ఇరవై సెకన్లు

దెయ్యాలనీ మహిమలనీ ఎవరైనా చెబితే వినీ విననట్టు ఊరుకునే మనిషిని నేను. నర్సింగ్ చదివి, కొన్నేళ్లు వార్డుల్లో పనిచేసి, తర్వాత ఆసుపత్రి రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించే పనిలోకి వచ్చాను. ఎవరు నమోదు చేశారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు అని చూడనిదే ఏదీ నమ్మకపోవడం ఈ ఉద్యోగం నేర్పిన అలవాటు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నాలుగేళ్లుగా సూళ్లూరుపేటలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. పల్లెల్లో పనిచేసే నర్సులకు ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తాను. కెమెరా ముందు కూర్చుని రోజంతా మాట్లాడతాను. ఎదురుగా ఎవరూ ఉండరు. పాఠం పూర్తిచేసినవాళ్ల పేర్ల పక్కన పచ్చటి గుర్తు పడుతుంది, అంతే. పాలు పోసే ఆమెతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడని వారాలున్నాయి.

ఆ రోజు వాయుగుండం. పొద్దుటి నుంచీ గాలీ వానా. కరెంటు లేదు, నెట్ లేదు. ఇన్వర్టర్ మీదే రికార్డింగ్ పెట్టుకున్నాను. గర్భిణుల వివరాలు యాప్‌లో ఎలా ఎక్కించాలన్నది పాఠం. ముగించేసరికి మధ్యాహ్నం మూడున్నర.

తర్వాత మళ్లీ పెట్టి చూసుకున్నాను. బీపీ అంకెలు ఎక్కడ రాయాలో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. కెమెరాను వదిలేసి, పక్కన కింద ఉన్న దేన్నో చూస్తున్నాను. "భుజాల కింద గుడ్డ మందం ఎక్కువైంది, సగం తీసెయ్. మెడ మరీ వెనక్కి వాలిపోయింది. ఇప్పుడు మాస్క్ గట్టిగా ఆనించి పెట్టు. ఛాతీ లేస్తుందేమో చూడు" అన్నాను. వెంటనే మళ్లీ బీపీ దగ్గరికి వచ్చేశాను.

పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు గాలి అందించేటప్పుడు చెప్పే మాటలవి. ఆ పాఠానికీ వాటికీ సంబంధం లేదు. అవి నేను అన్నట్టు నాకు గుర్తు కూడా లేదు. నిద్ర చాలక ఏదో వాగాననుకున్నాను. ఆ ఇరవై సెకన్లు కోసేశాను. అసలు ఫైలూ చెరిపేశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు.

రెండు వారాల తర్వాత నర్సులందరికీ ఊళ్లోనే ఒకరోజు శిక్షణ పెట్టారు. టీ వేళ ఒక ఆవిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"చెంగమ్మను మేడం. సరస్సు అవతల దీవి నుంచి వచ్చినాను. ఆ దినం మీరు చెప్పకుంటే బిడ్డ దక్కేది కాదు."

ఏ దినమని అడిగాను. ఆ వాయుగుండం రోజే. గాలికి పడవలు కదల్లేదు. నొప్పులొచ్చిన పిల్లను ఇవతలికి తేలేక, దీవి మీదున్న చిన్న ఆరోగ్య కేంద్రంలోనే తను ఒక్కతే పురుడు పోసింది.

"బిడ్డ ఏడవలా మేడం. మాస్క్ పెట్టి గాలి బ్యాగు వత్తతా ఉండా, ఛాతీ లేవలా. ఇంకా గట్టిగా వత్తినా అంతే. అప్పుడు మీ గొంతు వినపడింది. గుడ్డ సగం తీసెయ్ అన్నారు. తీసినాను. ఛాతీ లేచింది."

ఫోన్‌లో పాఠం దానంతటదే మోగిందనుకుందట. తర్వాత చూస్తే, పొద్దుటే చార్జింగ్ అయిపోయిన ఫోన్ సంచిలో అలాగే ఉందట.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లకుండా ల్యాప్‌టాప్ తెరిచాను. బిడ్డ పుట్టిన సమయం మూడూ పది అని ఆమె యాప్‌లో ఎక్కించి ఉంది. ఫైలు పోయినా నా రికార్డింగ్ మొదలైన సమయం, పాఠంలో నేను కోసిన చోటు మిగిలే ఉన్నాయి. లెక్క కడితే ఆ మాటలన్నది మూడూ పన్నెండుకు. చెంగమ్మ అంతకుముందు పాఠాలు తెరిచింది ముందురోజు సాయంత్రం. పసిబిడ్డల పాఠం మా దగ్గర ఒక్కటే ఉంది, అది ఒక మగ డాక్టరు చెప్పింది. నేర్చుకున్నదే ఆ భయంలో ఆమెకు గుర్తొచ్చి ఉండొచ్చు. మరి నేనెందుకు అన్నాను?

సాయంత్రం ఆమెను బస్సు దాకా సాగనంపాను. ఎక్కబోతూ ఆగింది.

"బిడ్డ ఏడ్చినాక మీరు ఇంకో మాట అడిగినారు. ఎవరన్నా వింటా ఉండారా అని. వింటా ఉండాను మేడం అని గట్టిగా అరిచినాను. వాన చప్పుడుకి మీకు వినపడిందో లేదో."

ఆ మాట రికార్డింగ్‌లో లేదు. కెమెరా ఆపేశాక, ఖాళీ గదిలో, విసుగొచ్చి పైకే అనుకున్న మాట అది. నేను ఎవరికీ చెప్పలేదు.

"వినపడిందమ్మా" అన్నాను. ఆమె నవ్వి బస్సెక్కింది.

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా విడమరచి చెప్పినా ఒప్పుకోగలనో లేదో కూడా తెలియదు. చెంగమ్మతో అన్నది మాత్రం అబద్ధం. ఆ మధ్యాహ్నం నాకు వాన తప్ప ఇంకేమీ వినపడలేదు.