నంబరు లేని ఇంజను

మా రైలు తాతయ్యలకి మనుషులంటే గిట్టదు. బయట కాదు, బయట ఎంతో మర్యాదస్తులు. ఫోటోల్లో. పాత ఆవిరింజను ఫోటోలో ఓ మూల ఎవరైనా చెయ్యి ఊపుతూ కనిపించారంటే చాలు, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవారు.

నేను వాళ్ళ మధ్యకి ఎలా వెళ్ళానో చెప్పాలి. రెండువేల మూడులో మావారి ఉద్యోగం వల్ల ఇంగ్లండులో లండన్ పక్కనుండే స్లౌ అనే ఊరికి వచ్చాం. ఆయన పొద్దున్నే రైలెక్కి లండన్ వెళ్ళిపోతే ఫ్లాట్‌లో నేనూ హీటరూ మిగిలేవాళ్ళం. బెజవాడలో నేను శుభలేఖలు వేసే ప్రెస్సులో కంప్యూటరు మీద పనిచేసేదాన్ని. పెళ్ళికూతుళ్ళ ఫోటోలు స్కాన్ చేసి, మొటిమలు తీసేసి, పెళ్ళికొడుకుల జుట్టు ఒత్తుగా చేసి ఎంతమందిని అందగాళ్ళని చేశానో ఆ పైవాడికే తెలుసు. అందుకే లైబ్రరీలో స్కానరు వాడటం తెలిసినవారు కావాలన్న కాగితం చూసి ఆగాను. ప్రతి గురువారం ఆ లైబ్రరీ వెనక గదిలో రైలు అభిమానులైన ముసలాళ్ళు కొందరు కలుసుకుంటారట. జీతం లేదు, టీ బిస్కెట్లు మాత్రం ఉంటాయన్నారు. ఇంట్లో టీ కూడా నేనే పెట్టుకోవాలి కనక ఒప్పుకున్నాను.

పని ఇదీ. ఆ క్లబ్బులో సభ్యుడైన ఒక పెద్దమనిషి పోయారు. కుర్రతనం నుంచీ ఆయన తీసిన ఇంజన్ల నెగటివ్‌లన్నీ ఆయన భార్య అట్టపెట్టెల్లో సర్ది క్లబ్బుకి ఇచ్చేశారు. నేను వాటిని స్కాన్ చేస్తే, క్లబ్బు అధ్యక్షుడు తెర మీద చూసి అది ఏ ఇంజనో, ఏ స్టేషనో చెబుతారు. నేను టైపు చేస్తాను. అధ్యక్షుడి నియమాలు గట్టివి. ఇంజను ఈ కొస నుంచి ఆ కొస దాకా పడాలి, చక్రాలు కనబడాలి, అన్నిటికన్నా ముఖ్యంగా నంబరు చదవగలగాలి. నంబరు కనబడని ఫోటో ఆయన దృష్టిలో గోత్రం తెలియని సంబంధం. అలాంటివాటిని ఓ ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేసేవారు.

మొదట్లో నాకు అన్ని ఇంజన్లూ ఒకటే. నల్లగా, పొగలో, కోపంగా ఉండేవి. పోనుపోను చిమ్నీ పొడుగునిబట్టి, చక్రాల వరసనిబట్టి వాటిని పోల్చుకోవడం వచ్చింది. ఒకసారి అధ్యక్షుడికన్నా ముందే నేను ఇంజను రకం చెప్పేస్తే ఆయన సంతోషించి, బిస్కెట్లలో చాక్లెట్ ఉన్నది నాకు వదిలేశారు. అది ఆ క్లబ్బులో సన్మానం కిందే లెక్క.

నెగటివ్‌లు ఇచ్చినావిడ కూడా గురువారాలు వచ్చేవారు. డెబ్బై దాటిన పొట్టి మనిషి. నాకు టీ పోసి పక్కనే కూర్చుని తెర చూసేవారు. ఇంజను కనబడగానే మిగతావాళ్ళు నంబరు చెబితే ఆవిడ ఆ రోజు సంగతి చెప్పేవారు. ఈ స్టేషన్లో శాండ్‌విచ్‌లు పాడైపోయాయి, ఈ గట్టు మీద జారిపడ్డాను, ఇలా. పెళ్ళికి ముందు నుంచీ ఆయన వెంట ఫ్లాస్కూ గొడుగూ మోసుకుంటూ తిరిగారట. గొడుగు తనకి కాదు, కెమెరాకి.

నెలాఖరుకి ఆవిడ ఇల్లు ఖాళీ చేసి గ్లాస్గోలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఒక గురువారం అధ్యక్షుడు పక్కకి వెళ్ళినప్పుడు మెల్లగా నన్నడిగారు, వీటిలో తను పడిన ఫోటో ఎక్కడైనా ఉందేమో చూడమని. పెళ్ళి ఫోటో తప్ప ఆ రోజుల నాటిది ఒక్కటీ లేదట. ఫిలిం ఖరీదు, ఇంజన్లకే చాలదనేవారట ఆయన. నవ్వుతూనే చెప్పారు గానీ, కప్పు కింద పెడుతూ ఇంకో మాట అన్నారు.

"నేను పక్కనున్నట్టు ఆయనకి అసలు తెలుసా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ మీద కోపం కూడదంటారు, కానీ వచ్చింది. దానికి తోడు మావారు గుర్తొచ్చారు. కొత్త డిజిటల్ కెమెరా మెళ్ళో వేసుకుని, ఆదివారం పూట నన్ను విండ్సర్ కోట ముందు నిలబెట్టి, "కాస్త ఇటు జరుగు, కోటకి అడ్డొస్తున్నావ్" అనేవారు. మా అమ్మకి పంపిన ఫోటోల్లో కోట నిండుగా, నేను సగంగా ఉండేవాళ్ళం. ఆ సాయంత్రం పప్పులో ఉప్పు మరిచిపోయానంటే మావారికి కారణం ఇప్పటికీ తెలియదు.

అప్పట్నించీ ఇంజన్లని వదిలేసి ఫోటోల అంచులు వెతికాను. ఒకచోట గొడుగు కొస దొరికింది. ఒకచోట బెంచీ మీద ఫ్లాస్కు. ఒక ప్లాట్‌ఫారం చివర ఎవరిదో మోచెయ్యి దొరికితే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, తన చెయ్యి ఎప్పుడూ అంత లావు లేదని తేల్చేశారు. పెట్టెలు అయిపోయాయి. ఆవిడ చివరి గురువారం రానే వచ్చింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదావిడ. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇక మిగిలింది బిస్కెట్ల డబ్బా. అధ్యక్షుడు దండగ అంటున్నా వినకుండా అందులోవి ఒక్కొక్కటే స్కానర్లో పెట్టాను. వాటిలో ఒకటి డీజిల్ ఇంజను. గదిలో అందరూ లేచి తెర దగ్గరికొచ్చారు. డీజిళ్ళు వచ్చి ఆవిరింజన్లని తుక్కులోకి పంపేశాయని, ఆ డబ్బా మొహాల మీద ఒక్క ఫిలిం ముక్క కూడా ఖర్చు పెట్టనని ఆ పోయినాయన ఒట్టేసుకున్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఒట్టు తీసి గట్టున పెట్టి మరీ తీసిన ఆ ఒక్కటీ ఎలా ఉంది? ముందు భాగం లేదు, చక్రాలు లేవు, నంబరు లేదు. ఒక తలుపు, పక్కన కొంచెం రేకు. అదీ మసగ్గా. పొరపాటున నొక్కేసి ఉంటాడు, వదిలెయ్యమన్నారు అధ్యక్షుడు.

నేను వదల్లేదు. పెళ్ళికూతుళ్ళ కళ్ళ కింది నలుపులు వెతికిన కళ్ళివి. పెద్దది చేసి చూశాను. తలుపు పిడి మసగ్గానే ఉంది, రేకులో మాత్రం ఏదో స్పష్టంగా ఉంది. కొత్తగా రంగు వేసిన ఇంజను, పైగా వానకి తడిసింది, అద్దంలా మెరుస్తోంది. ఆ మెరుపులో ఒక కుర్రాడు పైనుంచి చూసే పాతకాలం కెమెరాని ఛాతీ దగ్గర పెట్టుకుని తల వంచి అందులోకి చూస్తున్నాడు. పక్కన తలకి స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి ఒక చేత్తో అతని మీద గొడుగు పట్టి, చంకలో ఫ్లాస్కు ఇరికించుకుని, నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది.

అద్దంలో బొమ్మ అద్దానికి వెనకెక్కడో ఉన్నట్టే కెమెరాకి లెక్క, ఒకటి స్పష్టంగా పడితే రెండోది మసకబారుతుంది. రేకుని తీయాలనుకున్నవాడికి పిడి స్పష్టంగా రావాలి. పిడి మసగ్గా ఉండి ఆ ఇద్దరే స్పష్టంగా ఉన్నారంటే ఆయన కెమెరాని సరిచేసుకున్నది వాళ్ళ కోసమే. నేనిది చెప్పేలోపు అధ్యక్షుడే గొంతు సవరించుకుని అన్నారు, తమ స్నేహితుడు జీవితంలో పొరపాటున నంబరు వదిలేసే మనిషి కాడని.

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. తెర మీద ఆ అమ్మాయి తల దగ్గర వేలు పెట్టారు. ఫోటో నలుపు తెలుపే గానీ, ఆ స్కార్ఫు ఎర్రదన్నారు.

"నన్ను కదలొద్దన్నాడు. గొడుగు కదిలితే కెమెరా తడుస్తుందని కాబోలనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి మాత్రం నవ్వొచ్చింది. ఇద్దరం ఒకే టిష్యూ డబ్బా వాడాం.

ఫోటో ప్రింటు తీసి ఆవిడ చేతికిచ్చాను. అధ్యక్షుడు ఊరుకోలేకపోయారు. ఆ ప్రింటు అడిగి తీసుకుని, భూతద్దం పెట్టి తలుపు పిడిని, రేకు అతుకుల్ని చూడటం మొదలెట్టారు. ఇంజను రకం దాదాపు తెలిసినట్టే ఉందట, తన దగ్గర ఇంకొక్క వారం ఉంచితే నంబరు కూడా కనిపెట్టేస్తారట. ఆవిడ ఆయన వేళ్ళ మధ్య నుంచి ఫోటోని మెల్లగా లాక్కుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

"మీకెందుకండీ అంత శ్రమ," అన్నారు. "ఇది ఇంజను ఫోటో కాదుగా."