నురగ రాని మాచా

ఇంతవరకూ నా చేతికొచ్చిన ప్రతి టీ గిన్నె మీదా ఒట్టేసి చెబుతున్నాను, ఇక్కడ రాసేదంతా అక్షరాలా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాటకే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. ఈ ఆదివారం పొద్దున వంటింటి కిటికీ తెరిచేసరికి ఆ చప్పుడు వినిపించింది. ఎండుటాకుల మీద సన్నటి జల్లు పడుతున్నట్టు, గిన్నెలో వెదురు కదిలే చప్పుడు. దాని వెనకే పచ్చగరిక నలిపినట్టు ఒక వాసన. ఆ రెండూ కలిస్తే చాలు, నాకు డాక్టరమ్మ తలపుకొస్తారు. ఆవిడతోపాటు ఇప్పటికీ తీరని ఒక సందేహం కూడా వస్తుంది.

డాక్టరమ్మ అంటే మ్యూనిక్‌లో మా కింది అంతస్తు వకుళ గారు. తెనాలి మనిషి. నేనింకా పలక పట్టకముందే జర్మనీ వచ్చి, ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆస్పత్రిలో తోటి డాక్టరైన ఒక జపాను ఆవిడ దగ్గర మాచా అనే వాళ్ళ పచ్చటి పొడి టీ చెయ్యడం నేర్చుకున్నారట. నాది కరీంనగర్. పాలు, చక్కెర, అల్లం లేనిదాన్ని చాయ్ అని పిలవడానికి నాకు నోరు రాదు. నేను ఆ ఇంట్లోకి మారిన కొత్తలో ఆవిడ నన్ను కిందికి పిలిచి, ఆకుపచ్చ పొడిని జల్లించి, గిన్నెలో నీళ్ళు పోసి, వెదురు కుంచె నా చేతికిచ్చారు. ఒకే వెదురుముక్కను వెంట్రుకల్లా చీల్చి చేసిన కుంచె అది. నేను నాకు తెలిసిన పనే చేశాను. దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పాను.

"ఆగాగు! అది కవ్వం కాదోయ్! మజ్జిగ చేస్తున్నావా?"

"మా దిక్కు చిలుకుడంటే గిదే, డాక్టరమ్మా."

"మణికట్టు ఒక్కటే కదలాలి, ముందుకీ వెనక్కీ. నోరు అసలు కదలకూడదు."

విరిగిన పుల్లలు గిన్నెలో తేలాయి. ఆవిడ వాటిని వేలితో తీసేసి ఆ టీ తాగేశారు. మణికట్టు సంగతి మెల్లగా పట్టుబడింది కానీ, నోరు కట్టుకోవడం నావల్ల కాలేదు. అందుకని ఆవిడే ఒక పద్ధతి పెట్టారు. మరిగే నీళ్ళు పోస్తే ఈ టీ చేదెక్కుతుంది, కాస్త చల్లారనివ్వాలి. ఆ చల్లారేంతసేపూ నాది, ఏ కథైనా చెప్పుకోవచ్చు. చివర్లో మాత్రం అందులో కల్పన ఏదో ఒప్పుకోవాలి. అప్పుడే ఆవిడ కుంచె ముట్టుకుంటారు. ఒకసారి మా మేనత్త తోడేసిన పెరుగు మీదుగా పిల్లి నడిచిపోయినా మీగడ చెదరలేదని చెప్పాను.

"ఇందులో కల్పన ఏది?"

"పిల్లి, డాక్టరమ్మా. నడిచింది మేకపిల్ల."

"అయితే ఇవాళ నీకు వట్టి వేన్నీళ్ళే." అన్నట్టే వేన్నీళ్ళే ఇచ్చారు. తాగాను. ఆ వేన్నీళ్ళకూ మామూలుగా ఇచ్చే మాచాకూ రుచిలో తేడా నాకు పెద్దగా తెలియలేదన్నది వేరే సంగతి.

తర్వాత ఒక శీతాకాలం ఆవిడ పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయారు. ఇల్లంతా పొగ. హాంబర్గ్‌లో ఉండే కూతురు ఉమ పరుగున వచ్చి, వృద్ధుల హైమ్, అంటే ఆశ్రమం, ఒకటి చూడ్డానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తీసుకుంది. మెట్ల మీద నన్ను ఆపింది.

"అంకుల్, మీరు ఎవ్రీ వీక్ చూస్తారు కదా. అమ్మ అలోన్ ఉండగలదా? ట్రూత్ చెప్పండి."

నన్నా అడిగేది! ఏదో గొణిగి తప్పించుకున్నాను. ఆ సంగతి డాక్టరమ్మకు తెలిసింది. నా కథకు ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"మత్తులో ఉన్నవాడికి తనెంత లోతుకి వెళ్ళాడో తెలియదోయ్. పక్కన కూచున్నవాడే చూడాలి. నేను పట్టు తప్పిన రోజు నాకు తెలియదు, నువ్వు చెప్పు. కథలా కాదు."

సరేనన్నాను. ఆ మరుసటి ఆదివారం ఉమ కూడా బల్ల దగ్గర కూచుంది. తెల్లారితే టెర్మిన్. డాక్టరమ్మ పొడి జల్లించారు, నీళ్ళు పోశారు, చిలికారు. ఎంత చిలికినా నురగ రాలేదు. గిన్నె నా ముందుకు జరిపారు. ఒక గుక్క తాగగానే అర్థమైంది. అది మునగాకు పొడి. మోకాళ్ళ నొప్పులకని ఊరినుంచి నేనే తెచ్చిచ్చాను. పొట్లం చిరిగిపోతే ఆవిడ దాన్ని ఖాళీ మాచా డబ్బాలో పోసి, అసలు డబ్బా పక్కనే పెట్టుకున్నారు.

ఉమ నా మొహమే చూస్తోంది. 'ఆహా' అంటే గండం గడుస్తుంది. పుట్టి బుద్ధెరిగాక అంత చిన్న అబద్ధానికి నేనెన్నడూ అంత తడబడలేదు.

"డాక్టరమ్మా, ఇది మాచా కాదు. మునగాకు."

ఆవిడ గిన్నె తీసుకుని తనూ ఒక గుక్క తాగారు. "ఇన్నాళ్ళకి ఒక్క ముక్క నిజం చెప్పావు," అన్నారు. పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలింది. చప్పుడు వినే నురగ వచ్చిందో లేదో చెప్పగల మనిషికి, అంతసేపు చిలికినా తెలియలేదా? నిజంగా పొరబడ్డారా, లేక నా నోట నిజం వస్తుందో రాదో చూశారా?

వసంతం రాకముందే ఆవిడ హైమ్‌కు వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ వెదురు కుంచె నా చేతిలో పెట్టారు. ఇప్పుడు మాచా నేనే చిలుకుతున్నాను, నోరు మూసుకుని.

ఇక కల్పన ఒప్పుకోవాలి. పైన ఆవిడ హైమ్‌కు వెళ్ళారన్న పేరాలో ఒక్క ముక్కా నిజం కాదు. ఆ రోజు ఉమ కాసేపు ఏడ్చి, ఆపైన నవ్వి, "మొహం మీద చెప్పే మనిషి ఒకరున్నారు కదా, చాలు," అని టెర్మిన్ రద్దు చేసుకుంది. మునగాకు డబ్బా నేను మా ఇంటికి తెచ్చేసుకున్నాను. కిటికీలోంచి వచ్చిందన్న చప్పుడు డాక్టరమ్మ వంటింటిదే. అక్కడిదాకా రాసి కిందికి తీసుకెళితే, చదివి కళ్ళద్దాలు తీశారు.

"నన్ను హైమ్‌కెందుకు పంపావోయ్?"

"ఇసొంటి రాతల్ల మనిషి దూరమైతేనే చదివెటోళ్ళు ముక్కు చీదుతరు, డాక్టరమ్మా."

"ఏది కల్పనో అడుగున రాసి తీసుకురా. అప్పుడే టీ."

"రాస్త. మరి ఆ దినం మునగాకు సంగతేంది? తెలిసే చేసిన్రా?"

ఆవిడ కుంచెను గోరువెచ్చని నీళ్ళలో నానబెడుతూ అన్నారు: "కథలు చెప్పేది నువ్వు కదా. ఒప్పుకోవాల్సింది నువ్వే. నేనెందుకు ఒప్పుకుంటానోయ్?"