జేబులోనే ఉన్న కార్డు

అమెరికాలోని కెంటకీ కొండల్లో ఎవరి తుపాకీ చెడినా వర్జిల్ స్టిడమ్ దగ్గరికే తెచ్చేవారు. ఆ పని అతనికెవరూ నేర్పలేదు. విప్పి, బిగించి తానే నేర్చుకున్నాడు. మాట తక్కువ మనిషి. కొత్త పిస్తోళ్ళు కూడా కొన్ని అమ్మేవాడు.

అమ్మేముందు ప్రభుత్వానికి ఫోన్ చేసి, కొనేవాడి మీద కేసులున్నాయేమో అడగాలి. తుపాకీ వెంట పెట్టుకు తిరిగే అనుమతి కార్డున్నవాడికి ఆ ఫోన్ అక్కర్లేదు. కార్డిచ్చిన రోజే అన్నీ చూశారని లెక్క.

ఒక శనివారం డ్వైట్ నేపియర్ వచ్చి బల్ల మీద కార్డు పడేశాడు. నాలుగేళ్ళ కిందటిది, ఇంకో ఏడాది చెల్లుతుంది. వేలికి ఉంగరం లేదు. అది ఉన్నచోట తెల్లటి చార ఉంది.

"నీ భార్య కార్లా ఎలా ఉంది?" అన్నాడు వర్జిల్.

"వాళ్ళక్కింట్లో కులుకుతోంది. కబుర్లాపి పిస్తోలు చూపించు బాబాయ్."

వర్జిల్ ఫోనెత్తాడు.

"కార్డుండగా ఫోనేంటి? చత్వారమొచ్చిందా?"

"వచ్చింది. అందుకే అడుగుతున్నా."

అమ్మొద్దన్నారు అవతల. కారణం చెప్పరు. కార్లా దగ్గరికి పోవద్దని కోర్టు ఉత్తర్వు పడి ఉంటుందని వర్జిల్‌కు అర్థమైంది. అలాంటప్పుడు కార్డు లాక్కోవాలి. ఎవరూ లాక్కోలేదు.

డ్వైట్ నవ్వి కార్డు జేబులో వేసుకున్నాడు. "లోకంలో నీదొక్కటే కొట్టా?"

దిగువనున్న రాండల్ తుపాకుల కొట్టుకు వర్జిల్ ఫోన్ చేశాడు. ఎవరో మాట్లాడుతున్నట్టుంది, కలవలేదు. మళ్ళీ మళ్ళీ చేయగా ఎప్పటికో రాండల్ ఎత్తాడు.

"ఇప్పుడే పట్టుకెళ్ళాడు. కార్డు భేషుగ్గా ఉంది. బేరం పోయిందని ఏడుపా?"

షెరీఫ్ ఆఫీసుకు చేస్తే, కార్లా అక్కింటికి పోలీసులు నలభై నిమిషాల్లో వస్తారన్నారు. వర్జిల్ ఆ ఇంటికీ చేశాడు. కార్లాయే ఎత్తింది.

"డ్వైట్ పిస్తోలు కొన్నాడు తల్లీ. పిల్లల్ని తీసుకుని పో."

"ఎక్కడికి బాబాయ్? కారు అక్క తీసుకెళ్ళింది."

"వెనక అడవిలోకి. పో!"

ఆమె ఫోన్ పెట్టేయకుండా అక్కడే వదిలేసింది. పిల్లల పరుగు, వెనక తలుపు, కాసేపటికి ముందువైపు కంకర మీద టైర్లు వినిపించాయి. తర్వాత బూట్లు.

"ఎవరది?" అంది ఫోన్ అందుకున్న డ్వైట్ గొంతు.

వర్జిల్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాటల కోసం తడుముకున్నాడు. "నేనేరా. ఆ రకం పిస్తోలుకి ట్రిగ్గర్ బిగువు. ఇలా పట్రా, సాపుచేసిస్తా. డబ్బులొద్దు."

"బానే ఉందిలే బాబాయ్."

బూట్ల చప్పుడు ఇంటి వెనక్కి సాగింది. అడవివైపు తలుపు మళ్ళీ తెరుచుకున్న చప్పుడైంది.