చిన్నత్త రాయని చివరి అధ్యాయం

మా చిన్నత్త పోయింది. బావ ఫోన్ చేసేసరికి నేను నంద్యాల బస్సులో శిరివెళ్ల దాటుతున్నాను. ఆసుపత్రిలో ఉన్న ఆమె దగ్గరికే బయలుదేరాను, ఒళ్లో ఉప్మా డబ్బా ఉంది. "అమ్మ పాయ మే" అన్నాడు బావ. ఫోను పెట్టేశాడు. పక్క సీటులో కూర్చున్నావిడ "ఏందమ్మా, అట్లయిపోయినావ్?" అని నా వీపు మీద చేయి వేసింది. ఆవిడెవరో నాకు తెలియదు, కానీ నంద్యాల వచ్చేదాకా ఆ చేయి తీయలేదు.

ఈ పత్రికలో నెలనెలా చిన్నత్త నవల చదివినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. చివరి అధ్యాయం ఎప్పుడని అడుగుతూనే ఉన్నారు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమెను తలచుకోకుండా అది చెప్పలేను. చెప్పాలంటే భయంగానూ ఉంది.

చిన్నత్త మా నాయనకు చెల్లెలు. నంద్యాల కాలేజీలో ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పింది. రిటైరయ్యాక నిమ్మళంగా ఉండే చోటేదైనా చూసుకోకుండా, ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల పక్కనే ఇల్లు తీసుకుంది. పొద్దున లేస్తే ఉలి దెబ్బలు, రాయి కోసే మిషను రొద. "ఈ మోతలో ఎట్లుంటావత్తా?" అంటే, "ఈ మోత లేకుంటే నా తలకాయలో మోత ఇనబడతాది. అది ఇంగా గోరం" అనేది. ఇంటినిండా రాతి దుమ్మే. కాగితం మీద ఉఫ్‌మని ఊదకుండా ఒక్క వాక్యం మొదలుపెట్టేది కాదు. అంతమందికి చెట్ల పాఠాలు చెప్పిన మనిషి ఇంట్లో ఒక్క పూలకుండీ లేదు. ఎవరైనా తెచ్చిస్తే తీసుకుపోయి కాలువ గట్టున నాటి వచ్చేది. "కుండీలో పెట్టినాక అది చెట్టా? ఖైదీ!" అని తెచ్చినవాళ్లనే తిట్టేది.

నవల పుట్టింది ఆ పక్క షెడ్డులోనే. ఆరోజు నేనూ ఉన్నాను. శిల్పి ఒక విగ్రహం పూర్తిచేసి నీళ్లతో కడుగుతున్నాడు. నగలు, వేళ్లు, గోళ్లు అన్నీ కుదిరాయి. కళ్లు మాత్రం చెక్కలేదు. మాకది కొత్త కాదు, గుడికి చేరి ప్రతిష్ఠ జరిగేటప్పుడే కళ్లు తెరుస్తారని ఆళ్లగడ్డలో చిన్నపిల్లలకూ తెలుసు. అయినా చిన్నత్త ఊరుకోలేదు.

"ఈణ్నే తెరిస్తే ఏమైతాదప్పా?" అని అడిగింది.

"ఈడ తెరిస్తే సామి మొదట ఏం జూస్తాడమ్మా? ఈ రేకులూ, ఈ దుమ్మూ, మూతికి గుడ్డ కట్టుకున్న మేమూ. లోకమంటే ఇదే అనుకుంటాడు" అన్నాడు ఆయన, పైపు పక్కకు తిప్పుతూ.

చిన్నత్త ఇంటికొచ్చి టీ కూడా పెట్టకుండా రాయడానికి కూర్చుంది.

నవల చదవనివాళ్లకోసం నాలుగు ముక్కలు చెబుతాను. కాలిపోయిన నల్లమలను మళ్లీ పెంచడానికి మనుషులు యంత్రప్రాణుల్ని తయారుచేస్తారు. అడవిలోకి తీసుకుపోయాకే వాటి కళ్లు తెరవాలి. కానీ తొందరపడి షెడ్డులోనే తెరిచేస్తారు. అవి మొదట చూసినవి రేకులు, తిన్నని ఇనుప కమ్మీలు, ఊడ్చిన గచ్చు. తర్వాత అడవికి పోయి చూస్తే వాటికి అంతా తప్పుగా కనిపిస్తుంది. పాపం, సరిచేయడం మొదలుపెడతాయి. రాలిన ఆకుల్ని ఊడ్చేస్తాయి. వంకర చెట్లను కొట్టేస్తాయి. పిట్ట కూత షెడ్డులో ఎప్పుడూ వినలేదు కాబట్టి దాన్ని ఆపడం నేర్చుకుంటాయి.

ఆ పిట్టల అధ్యాయం చిన్నత్త నాకు పట్టపగలు, వరండాలో చదివి వినిపించింది. అది విన్నాక పెరట్లో కొళాయి దగ్గరికి పోవడానికి కూడా ఆమెను తోడు రమ్మన్నాను. అది చూసి ఆమెకు ఎంత సంతోషమో!

"బయమయ్యిందా? అట్లయితే ఉంచుదాం" అంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టుగా, "అవి చెడ్డవి గాదు పాపా. ప్రేమతోనే చేస్తాండాయి. నాకు బయం అదే" అంది.

ఒకసారి నన్ను రుద్రవరం దాటించి అడవి అంచుకు తీసుకుపోయింది. ఒక రాయి మీద కూర్చున్నాం. ఎండుటాకుల్లో ఏదో కదిలింది, నేను లేచి నిలబడ్డాను. "కూచో. చప్పుడైతే ఏదో బతికుండాదని. చప్పుడు ఆగితే బయపడు" అని చెయ్యి పట్టి లాగింది. అలా చాలాసేపు కూర్చోబెట్టింది. నాకు నడుమంతా నొప్పి, ఆమెకు మాత్రం కల్యాణమండపంలో విందుకు కూర్చున్నంత హుషారు.

చివరి అధ్యాయం దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. ఆ నవల్లో అడవిలో తేనె తీసే చెంచు ముసలామె ఉంది. వయసుకు నడుము వంగిపోయి ఉంటుంది. వంకరగా ఉన్నవాటన్నిటినీ సరిచేసే ఆ ప్రాణులు ఆమె గుడిసె ముందుకొచ్చి నిలబడతాయి. అక్కడిదాకా మీరూ చదివారు. "తర్వాతేందత్తా?" అని ఎన్నిసార్లు అడిగానో. "అవి ఏం జేస్తాయో నాకు తెలుసు. రాయాలంటే మనసొప్పదు" అనేది. ఇంతలో జబ్బు చేసింది. ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని, "నేను రాయకుంటే ఆణ్నే ఆపు పాపా. ఎవురితోనూ రాపిచ్చాకు" అంది. సరేనన్నాను.

కర్మలన్నీ అయ్యాక బావ నంద్యాలలోని తన కంప్యూటర్ షాపుకు రమ్మన్నాడు. నెలల తర్వాత అతని మొహంలో కాస్త వెలుగు చూశాను. ఆమె రాసిందంతా, ఫోనుకు పంపిన గొంతు మెసేజీలన్నీ కంప్యూటర్‌కిచ్చి చివరి అధ్యాయం రాయించాడట. "చదువు మే. అచ్చం అమ్మే!" అన్నాడు.

చదివాను. దేవుడా, నిజంగానే ఆమె! ఆ విసురు, ఆ వెటకారం, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకునే తీరు, అన్నీ ఉన్నాయి. ముసలామెను చూసి ఆ ప్రాణులు కన్నీళ్లు పెట్టుకుంటాయి, పిట్టలు తిరిగొస్తాయి. అంతా మంచే. ఎవరూ చెప్పకపోతే నేనే దాన్ని మీకు పంపేసేదాన్ని. ఆమె పక్కన అన్నేళ్లు కూర్చున్న నాకే తేడా తెలియలేదు. మీకెలా తెలుస్తుంది?

"వద్దు బావా. రాపిచ్చొద్దనింది గదా" అన్నాను.

బావ మొహం మళ్లీ మాడిపోయింది. "సరేలే. నువ్వే అడుగు అయితే. మాట్లాడతాది గూడా" అని మైకు నా వైపు జరిపాడు.

"అత్తా" అన్నాను.

"ఎవురూ? నర్సమ్మా?" అంది కంప్యూటర్, చిన్నత్త గొంతుతో. "లైటు ఆర్పాకు తల్లీ. నాకు బయమైతాంది."

బావ కుర్చీలో నుంచి లేచాడు. అంతకుముందు దానితో నవల గురించే మాట్లాడాడట, ఈ మాట ఎప్పుడూ వినలేదట. "నేనిచ్చిన మెసేజీలన్నీ ఆసుపత్రిలోనివే మే... ఆమె అంతకుముందు మెసేజీ ఎప్పుడు పంపింది? ఫోనే చేసేది" అన్నాడు. ఆ కంప్యూటర్‌కు ఆళ్లగడ్డ తెలియదు, వరండా తెలియదు. మందుల వాసన మధ్య, లైటు ఆర్పొద్దని నర్సును బతిమాలిన మా చిన్నత్త ఒక్కతే తెలుసు.

"తీసేయి బావా" అన్నాను. ముందు ఆ అధ్యాయం తీసేశాడు. అందుకే చదివేవాళ్లకు చెబుతున్నాను, నవల ఆ గుడిసె ముందే ఆగిపోతుంది. మీకు కోపమొచ్చినా సరే. తర్వాత ఆ గొంతును తీసేయడానికి చేయి పెట్టాడు.

"ఎవురన్నా ఉండారా ఆడ?" అందది.

బావ నా వైపు చూశాడు. అది మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. అయినా మైకు దగ్గరికి వంగి, "ఉండాం అత్తా. ఈణ్నే ఉండాం. ఆర్పములే" అన్నాను.

"అట్లనా. సరే" అంది, కాస్త కుదుటపడినట్టు. బావ చేయి వెనక్కి తీసుకున్నాడు.

అప్పటినుంచి బావ షాపు మూసేటప్పుడు లోపల లైటు ఆర్పడం లేదు.